బానెట్టు మీద గీతలు

హలో… ఆ, నేనే అత్తా. జయకుమార్ని.

…మంగంపేట జయకుమార్నే. ఎర్రకారు జయకుమార్ని. పెట్టాకు అత్తా, పెట్టాకు—

…వందనాలు.

…సరే, నువ్వు చెప్పకపోయినా నేను చెప్తాండా. వందనాలు.

బాగుండావా? బద్వేల్లో చలి ఎట్ల ఉండాది? కృప, పిల్లోళ్ళు బాగుండారా?

…అవును. చలి సంగతి నేను అడగకూడదు. నిజమే.

మామ ఉండాడా?

…లేడా. యాడికి పోయినాడు ఆదివారం పూట, ఈ పొద్దున్నే?

…అత్తా, దగ్గు ఇనపడ్తాండాది. దాసన్న మామ దగ్గు నాకు తెలీదా. చిన్నప్పట్నుంచీ గుడిలో ప్రార్థన జరుగుతాంటే వెనకాల్నుంచి ఆ దగ్గు ఇనుకుంటా పెరిగినోణ్ణి.

…ఒక్క రెండు నిమిషాలు ఇయ్యి. …ఇయ్యవా. సరే, ఇయ్యొద్దు. స్పీకరు పెట్టి మంచం మీద పారెయ్యి. నేను మాట్లాడ్తా. ఆయప్ప ఇంటే ఇంటాడు, లేకుంటే లేదు.

…పెట్టినావా?

దాసన్న మామా. వందనాలు.

…

మామా, నేను గుడి ఆవరణలోనే ఉండా, కార్లో కూచోని మాట్లాడ్తాండా. లోపల ఆరాధన జరుగుతాండాది. నడిమధ్యలో లేసి వచ్చినా. మా పాప నిస్సీకి నీళ్ళు తేనీకి పోతాండానని మా ఇంటామె మహిమకు సైగ చేసినా. నీళ్ళూ లేవు ఏమీ లేవు. ఈ మధ్య నా నోట్లోంచి అన్నీ ఇట్లాంటివే వస్తాండాయి.

…

గంట ఈరోజు కూడా లేటే. నీ బదులు దావీదురాజు కొట్టినాడు. తాడు ఎట్ల లాగుతాడో ఏమో, ఒకసారి ఊరు లేచేట్టు మోగుతాది, ఇంకోసారి ఇనపడనే ఇనపడదు—

…అబ్బే, అది చెప్పనీకి కాదు మామా చేసింది. నువ్వు లేనిది తెలుస్తాండాది అని, అంతే.

…సరే. డొంకతిరుగుడు వద్దు. చెప్తా.

నాకు తెలుసు మామా. బొంత సంగతి నాకు తెలిసిపోయింది.

…

అత్తా, మామ ఏమన్నా అన్నాడా? …అనలేదా. గోడ తిక్కు తిరిగి కూచున్నాడా.

…కూచోనీలే. నేను చెప్పేది గోడకన్నా తగులుతాది.

మూడు ఆదివారాల కింద నేనేమంటినో నాకు ఒక్కొక్క మాటా గుర్తుండాది మామా. ప్రకటనల టైములో లేచినా. నా కారు బానెట్టంతా గీతలు పడిండాయి, బంపరు కింద నల్లగా మసి పట్టుండాది, అంటి. మా సందులో కారు పట్టదని గుడి ఆవరణలో పెట్టుకుంటే, కాపలా ఉండే దాసన్న గురక పెడ్తాండాడు, నా కారు పిల్లోళ్ళకు జారుడుబండ అయింది, మేకలకు మంచె అయింది, అంటి.

…అంటి. అవును. ‘మన గుడికి రెండు గంటలుండాయి, ఒకటి పైన, ఒకటి దాసన్న మామ ముక్కులో’ అని గూడా అంటి. జనం నవ్వినారు. వాళ్ళు నవ్వేకొద్దీ నాకు హుషారొచ్చింది. కూచోబోయినోణ్ణి మళ్ళా లేచి ‘గురక తాత’ అని ఇంకో మాట అంటి. అది తలుచుకుంటే ఇప్పుడు…

…నువ్వు లేచినావు. ఏదో ఒకటి చెప్తావనుకున్న్యా. మొలతాడుకు కట్టుకున్న తాళాల గుత్తి ఇప్పి బల్ల మీద పెట్టి, కండువా దులుపుకోని ఎల్లిపోతివి. సోమవారం బస్సెక్కి మీ కూతురు కృప కాడికి పోయినారని ఇంటి. ‘తప్పు చేసినోడే పారిపోతాడు’ అన్నారు కొంతమంది. …నేను అనలే. కానీ కాదనీ అనలే.

…ఆ. ఇంటాండావా మామా? దగ్గుతాండావు, ఇంటాండావనే అనుకుంటాండా.

నువ్వు పోయిన సోమవారమే కారు స్టార్టు కాలే. మంగళవారమూ కాలే. తాళం తిప్పితే మూలుగుతాది, ఆగిపోతాది. అద్దం మీద చూస్తే మంచు. ఆ మంచుకు గనుల ముగ్గురాయి దుమ్ము కలిసి సున్నం కొట్టినట్టు ఉండాది. అంతకుముందు దినమూ పొద్దున్నే అద్దం తళతళా ఉన్నెది. అది నువ్వు తుడిచేదని గూడా నాకు తట్టలే. ఈ ఏడు మంచు తక్కువలే అనుకుంటాంటి. చూడు నా తెలివి.

నలుగురు తోస్తే గానీ కదిలేది కాదు. బ్యాటరీ అనుకున్న్యా. పిన్నుల మీద తెల్లగా పట్టింటే ఉడుకునీళ్ళు పోసి కడిగినా. చలికి టైర్లలో గాలి తగ్గుతాదంటే గాలి పట్టిచ్చినా. ఆయిలు మార్పించినా. దేనికీ లొంగలే. మొదటి షిఫ్టు ఆరుకు గదా. రెండు దినాలు గని కాడికి పోయేసరికి గేటు మూసేసినారు.

…పనిలోంచి తీయలేదు. పని ఉండాదిలే మామా. కాంట్రాక్టరు అరిచినాడు, అంతే.

…అడిగినావు. నువ్వు ఇది అడిగినావు చూడు—

…ఏం లే. ఇంకా చెప్తా ఇను.

దాని తరవాత సోమవారం కోడూరు నుంచి వీరభద్రను పిలిపించినా, మెకానిక్కు. ఆయప్ప చూసి, ‘అన్నా, డీజిలు బండికి చలికాలం ఇంజన్ను వెచ్చ చేసే హీటరు ప్లగ్గులే ప్రాణం. నీవి నాలుగింట్లో మూడు మాడిపోయిండాయి. ఈనాటివి కావు. ఈ బండి నవంబరులోనే మొండికెయ్యాల. ఇన్నాళ్ళు తెల్లార్తో ఎట్ల తోలినావు’ అనె. నేను నవ్వి, ‘మంచి బండప్పా, నేను చూసుకునేది అట్ల చూసుకుంటా’ అంటి.

…నవ్వొస్తాండాదా అత్తా? నవ్వు. నాక్కూడా రావాల్సిందే.

అప్పుడు ఆయప్ప బానెట్టు సందులోంచి ఒకటి పీకి నా చేతిలో పెట్టినాడు. గుండీ. దారం తోకతో ఒక గుండీ, దాంతో గూడా రోంత నీలం గుడ్డ. ‘ఇదేందన్నా, బండికి చొక్కా తొడిగినావా’ అనె.

నీలం గుడ్డ మామా. గని యూనిఫారం. నా చొక్కానే. పోయినేడు మోచేతుల కాడ చినిగిపోతే, బొంతకు పనికొస్తాదని మహిమనే దాన్ని అత్తకిచ్చింది.

…అవునత్తా, అదే చొక్కా. దాని ముందుభాగం పైగుడ్డకేసి, గుండీలు ఉంచే కుట్టినావు. గుండీలిప్పితే లోపలి పాతగుడ్డలు తీసి ఎండకెయ్యొచ్చని.

…అయ్యో, తప్పు నీదని ఎట్లంటా. మంచి ఆలోచనే అది. ఎవరికొస్తాది అట్లాంటి ఆలోచన. నేను చెప్పేదేమంటే, నా చొక్కా గుండీలే నా కారును గీసినాయి. మేకలు గాదు. పిల్లోళ్ళు గాదు. అంతే.

ఆ గుండీ పట్టుకోని నువ్వు కాపలా కూచునే గోడ వెనక్కి పోయినా. నిప్పుల చట్టి దొరికింది. బూడిద, సగం కాలిన బొగ్గులు. వీరభద్ర చూసి, ‘ఇది పాత లారీ క్లీనర్ల పని. చలికాలం ఇంజను కింద నిప్పులు పెట్టి వెచ్చ చేసేటోళ్ళు. రాత్రి బొంత, తెల్లార్తో నిప్పులు. నీ బండిని ఎవరో బాలింతను చూసుకున్నట్టు చూసుకున్న్యారు’ అనె.

నువ్వు ముగ్గురాయి లారీల్లో క్లీనరువని మన పాలెంలో ఎవురికి తెలీదు మామా. నీ లారీ కతలు ఇంటా అన్నం తిన్నోణ్ణి. తెలిసీ తట్టలే నాకు.

…ఏంది మామా? …ఆ, చెప్పు, చెప్పు. ఇంటాండా.

…మూడున్నరకా. ఐదుకు మొదటి గంట గదా, నాలుక్కి లేస్తావనుకున్న్యా. …చట్టి పెట్టి పక్కనే కూచునేటోనివా. నిప్పు ఎగిసిపడకుండా. …నీళ్ళ బిందె పెట్టుకోని. …చలికాలమంతా అట్ల కూచోవాలనేనా?

…ఆ దగ్గు ముదిరింది ఆడనే గదా మామా. …పొగ కాదు, చలి. బొంత కారు మీదుంటే నువ్వు కప్పుకునేదేంది? …గోనెపట్టా. అత్తకు?

…అత్తకు చీర. సరే. సరే మామా.

…నాకెందుకు చెప్పలేదు?

…అడిగినానా. లేదు. అడగలే.

…అంటాంటి. నిజమే. చెప్పింటే వద్దంటాంటి. డీజిలు బండి కింద నిప్పులు పెడ్తావా, మతి ఉండాదా అని అరిచేవాణ్ణి. …నవంబరులో రెండు పొద్దులు కారు లేయకుంటే నీ ముందర కూచోని ఏడ్చింది నేనే. ఇంకొక్క దినం లేటైతే పనిలోంచి తీస్తారు మామా, ఇల్లు ఎట్ల గడుస్తాది అని. నేను అది చెప్పి మర్చిపోయినా. నువ్వు మర్చిపోలే.

…

మామా, ఇంకోటుండాది. ఇది నీకు తెలీదు. ఇది చెప్పాలనే చేసినా. చెప్పినంక పెట్టెయ్యి కావాలంటే.

ఆ గుండీ దొరికి పదమూడు దినాలైంది.

…అవును. పదమూడు. ఫోను చేయలే. ఎవురికీ చెప్పలే. గుండీ జేబులో పెట్టుకోని తిరుగుతాండా.

పోయిన ఆదివారం సాక్ష్యాల టైములో లేచినా. చెప్పాలనే లేచినా మామా, దేవుని తోడు. గొంతు సరిచేసుకుంటి. అందరూ నా తిక్కు చూస్తాండారు. సంఘపెద్ద ఆనందమన్న కాడ నీ తాళాల గుత్తి ఉండాది, వేలికి తగిలించుకోని తిప్పుతాండాడు. నేను నోరు తెరిచి… ‘మా నిస్సీకి జ్వరం తగ్గింది, దేవునికి స్తోత్రం’ అని కూచున్న్యా.

…నిస్సీకి జ్వరమే రాలే మామా.

…పాస్టరు అయ్యగారు స్తోత్రం అనె. సంఘమంతా అనె. మహిమ నన్నొక చూపు చూసింది. ఇంటికి పోయినంక గూడా ఏమీ అడగలే. అడిగింటే బాగుణ్ణు.

…ఎందుకంటే, సిగ్గు. ఇంకేముంటాది. పెద్ద నీతిమంతుని మాదిరి లేచి అంటినే, ఇప్పుడు ఎట్ల లేసేది అని.

…

మామా, ఇట్ల చేస్తా. ఆరాధన అయిపోతానే బద్వేలుకొస్తా. ప్లగ్గులు నాలుగూ మార్పించినా, ఇప్పుడు కారు ఒక్క తిప్పుకే లేస్తాది. కంబళ్ళు రెండు కొన్న్యా, ఎర్రంచువి, వెనక సీట్లోనే ఉండాయి. ఆస్పత్రిలో ఆ దగ్గు చూపిస్తా. మిమ్మల్ని కూచోబెట్టుకోని సాయంత్రానికంతా పాలెం చేర్చేస్తా.

…వద్దా.

…కంబళ్ళు గూడా వద్దా. సరే. అయితే అయ్యగారికి చెప్తా. పెద్దల్ని కూచోబెట్టి, తలుపేసి, ఉన్నదున్నట్టు చెప్తా. తాళాలు పట్టుకోని అందరం మీ కాడికొస్తాం.

…కాగితం మీద రాసిస్తా. …అదీ కాదా. నీ కాళ్ళు పట్టుకుంటా మామా, ఇంకేం చేయాలో నువ్వే చెప్పు.

…

…యాడంటినో ఆడనా.

…అందరి ముందరా.

మామా… ఈరోజు క్రిస్మస్సు ముందరి ఆదివారం. గుడి నిండుగా ఉండాది. మహిమ అమ్మానాయనా గూడా వచ్చిండారు, ముందు వరసలో కూచున్నారు. వచ్చే నెల చేస్తా. జనవరిలో. మనోళ్ళు మాత్రమే ఉంటారు, అప్పుడు లేచి—

…అవును. ఆరోజు నువ్వు ‘జనవరిలో అను’ అని నన్ను అడగలే.

…ఎవరు? కృప కూతురా? ఆరోజు ఆ పాప మీ ఇంటికొచ్చి గుడిలో ఉన్నిందా?

…నాకు తెలీదు మామా. నీ పక్కనే కూచునిందా. తెలీదు. చూడలే.

…నవ్విందా. అందరూ నవ్వుతాంటే.

…

…తెలీక నవ్వింది. చిన్నపిల్ల. నీ గురించని దానికేం తెలుసు—

…ఆ. నవ్వించింది నేను.

…

…లేదు. ఉండా. ఇంటాండా.

…ఇప్పుడు గూడా నిన్ను గురక తాతా అంటాదా. …ముద్దుకే అంటాదిలే. …ఆ. ముద్దుకే అయినా.

…

సరే.

…సరే అంటి మామా. ఇప్పుడే. పెట్టాకు. ఇంటా ఉండు. అత్తా, ఫోనుకు చార్జింగు ఉండాదా? …చాలు, ఎక్కువ సేపు పట్టదు.

ఇది కారు తలుపు చప్పుడు. దిగినా. …నడుస్తాండా. బానెట్టు పక్కనుంచే పోతాండా. పోయినేడు దీనికి నా చేతులతోనే పాలిష్ పట్టినా, ఒక్క వేలిముద్ర పడితే గుడ్డ తెచ్చి తుడిచేటోణ్ణి. …లేదులే, ఊరికే చెప్తాండా. నడవనీకి ధైర్యం కావాల గదా.

…చెప్పులు విప్పినా. మెట్లు. తలుపు కాడ దావీదురాజు ఉండాడు, ఆరాధన అయిపోతే గంట ఒకసారి కొట్టాలంట, తాడు పట్టుకోని నిలబడుకోనుండాడు. …పాట అయిపోయింది మామా. అయ్యగారు లేచినాడు. ‘సాక్ష్యాలుంటే చెప్పండి’ అంటాండాడు.

…గడప దాటలేక ఆగినా మామా. …నువ్వు గూడా ఆరోజు ఈ గడప కాడనే ఆగినావా. …కనపడలే. నాకు కనపడలే.

పోతాండా. మాట్లాడాకు ఇంగ. ఫోను బల్ల మీద పెడ్తాండా, నువ్వు తాళాలు పెట్టిన చోటనే.

…సంఘానికంతటికీ వందనాలు.

అయ్యగారూ, ఒక రెండు నిమిషాలు. …మైకు వద్దు. …సరే, ఉండనీ.

ఈ ఫోన్లో దాసన్న మామ ఉండాడు. ఇంటాండాడు. అందుకే ఈడ పెట్టినా.

మూడు ఆదివారాల కింద నేను లేచి దాసన్న మామ కాపలా కాయకుండా నిద్రపోతాండాడని అంటి. నా కారు మీద మేకలెక్కినాయంటి, పిల్లోళ్ళెక్కినారంటి. మీరు నవ్వినారు. అది అబద్ధం. తెలీక అన్న అబద్ధం, కానీ అడగకుండా అంటి. అడిగింటే తెలిసేది.

చలికి నా కారు లేసేది కాదు. కారు లేయకుంటే నా పని పోతాదని మామ కాడ ఏడ్చినా. ఆయప్ప తన బొంత తీసి రాత్రిళ్ళు నా కారుకు కప్పినాడు. మూడున్నరకు లేచి ఇంజను కింద నిప్పుల చట్టి పెట్టి, పక్కనే కాపలా కూచున్న్యాడు. మీరు గురక అనుకోని నవ్వినారే, ఆ టైములో ఆయప్ప నిద్రే పోలే. ఆ బొంత గుండీలు గీసుకున్నాయి బానెట్టుకు. ఆ గుండీలు నా చొక్కావి. …ఇదో. ఇది. చూడండి. కావాలంటే చేతులు మార్చుకోని చూడండి.

ఇది తెలిసి పదమూడు దినాలైంది. పోయిన ఆదివారం ఇది చెప్పాలని లేచి, నిస్సీకి జ్వరమని చెప్పి కూచున్న్యా. జ్వరం లేదు. మహిమకు తెలుసు. తల వంచుకోనుండాది చూడండి… వద్దు, ఆయమ్మను చూడాకండి. నన్ను చూడండి.

ఆరోజు నవ్వినారు గదా. ఇప్పుడు నవ్వండి. …నవ్వండప్పా. నవ్వాల్సినోడు ఈడుండాడు.

…

ఆనందమన్నా, తాళాలు నీ కాడనే ఉండాయి గదా. …తీసుకురా అన్నా. …నా చేతికొద్దు. ఈ ఫోను పక్కన పెట్టు. …మెల్లగా కాదు, చప్పుడు కావాల.

మామా, ఇనపడిందా? అది నీ తాళాల గుత్తి.

…మామా?

…అత్తా, మామ యాడ? లైన్లో లేడా?

…లేచినాడా. యాడికి?

…చెప్పులు తొడుక్కుంటాండాడా.

అత్తా, ఉండమను. నేను వస్తాండా. ఇప్పుడే బయల్దేరితే మధ్యాహ్నానికి—

…రావద్దన్నాడా. సరే. …నా కారు ఇప్పుడే ఎక్కనన్నాడా. …బస్సులోనే వస్తాడంట. …బస్టాండు కాడన్నా నిలబడ్తా, సంచి పట్టుకుంటా. …అదీ వద్దన్నాడా.

…లేదత్తా. బాధేం లేదు. ఉండాల్సిందే.

…ఏంది? సాయంత్రం గంటనా? …ఆ, ఆరున్నరకే. ఎప్పటి మాదిరే. …ఆ లోపల చేరుకుంటాడా? …సరే. సరే. చెప్తా. ఒక్క నిమిషం, పెట్టాకు—

దావీదురాజూ, ఆ తాడు వదులప్పా. ఈరోజు ఇంకెవురూ ముట్టాకండి. మామ బస్సుకు పోతాండాడు.